పదకొండు స్పీడ్‌బ్రేకర్లు

కారు చక్రాన్ని బండి అడుగుకు కలిపే ఇనుప చేతులుంటాయి. ఆ చేతులు బండికి తగిలే చోట, ఇనుముకీ ఇనుముకీ మధ్య గుండ్రటి రబ్బరు ముక్కలు పెడతారు. వాటిని బుష్‌లంటారు. అరచేతిలో పట్టేంత ఉంటాయి. అరవై రెండేళ్ళు వచ్చేదాకా నాకు ఆ పేరు తెలియదు. ఇప్పుడు నా భార్య చివరి సంవత్సరం గురించి ఏం రాయబోయినా ముందు అవే గుర్తుకొస్తున్నాయి.

మా ఊరు కావలికి తూర్పున, సముద్రం వైపు ఉంది. ఆమె జబ్బు రొమ్ములో మొదలై వెన్నులోకి పాకింది. పదిహేను రోజులకొకసారి చెన్నై ఆసుపత్రికి వెళ్ళాలి. రైలు ఎక్కాలంటే స్టేషన్‌లో వంతెన మెట్లు ఎక్కి దిగాలి, అది ఆమెవల్ల కాదు. అంబులెన్సు మాట్లాడతానంటే ఒప్పుకోలేదు.

"కుయ్‌కుయ్‌మని అరుచుకుంటా పోవాల్నా? ఊరంతా వాకిట్లోకి వచ్చి చూస్తారు. నేనింకా బతికే ఉండాను," అంది.

అందుకని మా పాత కారులోనే వెళ్ళేవాళ్ళం. వెనక సీట్లో ఎడమవైపు, నడుముకు రెండు దిండ్లు పెట్టుకుని ఆమె కూర్చునేది. నేను నడిపేవాణ్ణి.

ఇంటి నుంచి హైవే దాకా పన్నెండు కిలోమీటర్లు. రెండు పక్కలా రొయ్యల గుంటలు. మేత లారీలు, ఐసు లారీలు తిరిగి తిరిగి రోడ్డు గుల్లయిపోయింది. దాని మీద పదకొండు స్పీడ్‌బ్రేకర్లు. ఆ దారిలోని బడిలోనే ఆమె ఇరవై ఏడేళ్ళు పాఠాలు చెప్పింది కాబట్టి ఏది ఎప్పుడు ఎందుకు వేశారో ఆమెకు తెలుసు. వెనక నుంచి ఒక్కొక్కదాన్నీ చెప్పేది.

"ఐసు ఫ్యాక్టరీది వస్తా ఉండాది, నిదానం."

"ఇది బర్రె చచ్చిపోయినప్పుడు వేసినారు."

"ఇది ప్రెసిడెంటు అల్లుడు మోటారుసైకిల్ మీంచి పడినప్పుడు వేసింది. బర్రెకి వేసిందే దీనికంటే నున్నగా ఉండాది."

నేను నవ్వేవాణ్ణి. ఆమె చెప్పిన ప్రతిచోటా బండిని దాదాపు ఆపి, ఒక్కొక్క చక్రాన్నే ఎక్కించి దించేవాణ్ణి.

రెండో ప్రయాణంలో బండి అడుగు నుంచి దడదడమని శబ్దం మొదలైంది. కావలిలో మెకానిక్ చూసి, బుష్‌లు అరిగిపోయాయని నాలుగు చక్రాలకూ కొత్త రబ్బరువి వేశాడు. బండిని చక్రాల మీదే నిలబెట్టి కింద పని చేసుకునే ర్యాంపు అతనికి ఉంది కానీ, ఆ రోజు దాని మీద వేరే బండి విప్పేసి ఉంది. మా బండిని జాకీల మీద లేపి పని ముగించాడు.

"రేపు ఒకసారి తీసుకురండి సార్. బండిని నేలమీద నిలబెట్టి, బోల్టులు వదులు చేసి మళ్ళా బిగిస్తా," అన్నాడు.

"ఇప్పుడు బిగించావు కదా?"

"బిగించినాను. అయినా ఒకసారి రండి."

మర్నాడు తెల్లారకముందే చెన్నై ప్రయాణం. తిరిగి వచ్చాక మూడు రోజులు ఆమెకు వాంతులు. అతని మాట మరిచిపోయానని చెబితే అబద్ధమవుతుంది. గుర్తుంది. బోల్టులు గట్టిగానే ఉన్నాయి కదా, బిగించినదాన్ని విప్పి మళ్ళీ బిగించడమేమిటని వెళ్ళలేదు.

మూడు నెలలకే ఆ శబ్దం మళ్ళీ వచ్చింది.

నేను కాలేజీ లైబ్రరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. తెలియని సంగతి ఎదురైతే మనిషిని అడిగే అలవాటు నాకు లేదు. చదువుతాను. ఆమెకు సెలైను ఎక్కుతున్నంతసేపూ పక్కన కుర్చీలో కూర్చుని ఫోనులో బుష్‌ల గురించి చదివాను. రబ్బరుకు బదులు పాలీయురేథేన్ అనే గట్టి పదార్థంతో చేసినవి దొరుకుతాయని తెలిసింది. ఉప్పుగాలి, నూనె, ఎండ రబ్బరును తింటాయి. పాలీని ఏమీ చేయలేవు. రబ్బరుకన్నా ఎన్నో రెట్లు మన్నుతుంది. స్టీరింగు చెప్పినట్టు వింటుంది. దాదాపు ప్రతి వ్యాసం చివరా ఒక వాక్యం ఉండేది: రోడ్డు కుదుపు లోపలివాళ్ళకు కొంచెం ఎక్కువగా తెలుస్తుంది. నేను చదివినదాంట్లో అబద్ధమేమీ లేదు. ఆ 'కొంచెం' అన్న మాటను కూడా చదివాను. నడుము బాగున్నవాడు చదివినట్టు చదివాను.

"ఏంది అంత దీక్షగా చదవతా ఉండారు?" అంది ఆమె.

"బండి బుష్‌లు మళ్ళీ పోయాయి. మన సముద్రపు గాలికి రబ్బరు ఆగడం లేదు. ఈసారి పాలీవి వేయిద్దామా అని."

"రెండిటికీ ఏంది తేడా?"

"ఇవి గట్టివి. చాలాకాలం వస్తాయి."

"ఎంత కాలం?"

"బండి ఉన్నన్నాళ్ళు."

ఆమె కళ్ళు మూసుకునే నవ్వింది. "అయితే అయ్యే వేయించండి. మీకు తోడు ఏదో ఒకటి ఉండొద్దా."

ఆమెకు మిగిలింది నెలలేనని డాక్టరు నన్ను వేరే గదిలోకి పిలిచి చెప్పి అప్పటికి పది రోజులు. అది తెలిసి, నెలల మనిషి కోసం ఏళ్ళ వస్తువును ఎంచుకున్నాను. ఎందుకని తర్వాత చాలాసార్లు ఆలోచించాను. మెత్తగా ఉండేది ఏది అని నేను ఒక్కసారి కూడా వెతకలేదు. మన్నేది ఏది అని వెతికాను. ఆ రోజుల్లో ఏ వస్తువు కొన్నా అదే చూశాను. కుక్కరు కూడా అలాగే కొన్నాను.

చెన్నైలోనే, ఆమె ఆసుపత్రిలో ఉండగా, ఒక గ్యారేజీలో పాలీ బుష్‌లు వేయించాను. తీసిన రబ్బరు ముక్కలను వాళ్ళు ఒక గుడ్డ సంచీలో వేసి డిక్కీలో పెట్టారు. తిరుగు ప్రయాణంలో శబ్దం పోయింది. మలుపుల్లో బండి నేలను పట్టుకున్నట్టు తిరిగింది. నాకు సంతోషం కూడా కలిగింది. సూళ్లూరుపేట దగ్గర టీకి ఆపినప్పుడు ఎలా ఉందని అడిగాను.

"బాగుంది," అంది.

మా ఊరి రోడ్డులోకి తిరిగాక ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఆమె ఏమీ అనలేదు. నిద్రపోయిందనుకున్నాను. అద్దంలో చూస్తే కళ్ళు తెరిచే ఉన్నాయి. బర్రె దగ్గరా ఏమీ అనలేదు, ప్రెసిడెంటు అల్లుడి దగ్గరా ఏమీ అనలేదు. శబ్దం పోయింది కదా, ఇక చెప్పాల్సిన పని లేదనుకుంటోందని నాకు నేనే చెప్పుకున్నాను. చెప్పేవాళ్ళు లేకపోయేసరికి రెండు మూడు చోట్ల అంత నెమ్మదిగా పోనివ్వలేదు కూడా.

ఆ బుష్‌ల మీద ఆరుసార్లు చెన్నై వెళ్ళి వచ్చాం. ఏడోసారి వెళ్ళాల్సిన వారంలో ఆమె పోయింది.

పెద్దకర్మ అయిన మర్నాడు, చుట్టాలందరూ వెళ్ళిపోయాక, ఆమె అక్క నాకు కాఫీ తెచ్చి ఇచ్చి ఎదురుగా కూర్చుంది. చివరి రెండు ప్రయాణాల్లో ఆమే వెనక సీట్లో తోడు వచ్చింది.

"నీకు చెప్పొద్దనింది నాయనా. చెప్పకుండా ఉండలేకపోతా ఉండాను. స్పీడ్‌బ్రేకర్ వచ్చే ముందు నా చెయ్యి తీసుకుని నడుం కింద పెట్టించుకునేది. అది దాటిందాకా నా వేళ్ళు పట్టుకుని నలిపేసేది. బండి ఆపమని చెప్తానంటే ఊరుకోలేదు. కొత్త సామాన్లు వేయించినారక్కా, చెప్తే ఆయన బాధపడతారు అనింది."

అప్పటి నుంచి నాకు ఒక్కటే ప్రశ్న. ఆ నొప్పి జబ్బుదా, నేను వేయించినవాటిదా? జబ్బుదే అయితే నేను చేయగలిగింది ఏమీ లేదు. నాకు కావలసింది ఆ ఒక్క మాటే. దాన్ని చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు.

ఏడు నెలలు బండి తీయలేదు. తీసినప్పుడు ప్రతి కుదుపుకీ కిర్రుమంది. ఆ వంకతో నెల్లూరులో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్ళాను. నలభై ఏళ్ళుగా బండ్ల అడుగు పని మాత్రమే చేస్తున్నాడు. అందరూ భాయ్ అని పిలుస్తారు. బండి కింద దూరి లైటు వేసి చూసి బయటికి వచ్చాడు.

"గ్రీజు లేక అరస్తా ఉండాయి సార్. పెడితే పోద్ది. బుష్షులకేం కాలా. ఇనప గుండ్ల మాదిరి ఉండాయి."

"అవి తీసేసి రబ్బరువి వేయండి భాయ్."

"బాగుండేవాటిని యాడన్నా తీస్తారా? ఇంకా పదేళ్ళొస్తాయి."

"తీయండి. కానీ ముందు నన్ను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, ఆ చివరున్న స్పీడ్‌బ్రేకర్ మీద ఒకసారి నడపండి. రబ్బరువి వేశాక మళ్ళీ ఒకసారి."

ఆయన చేతులు తుడుచుకుంటూ నన్ను తేరిపార చూశాడు. "నాకు పరీక్ష పెట్టినారా సార్?"

"మీకు కాదు."

ఎడమవైపు కూర్చున్నాను. ఆ సీట్లో నేను కూర్చోవడం అదే మొదలు. ఆయన నిదానంగానే నడిపాడు. చక్రం ఎక్కినప్పుడు దెబ్బ సీటులోంచి నేరుగా తుంటికి తగిలి మెడదాకా వచ్చింది. దిగినప్పుడు మరొకటి. మామూలు మనిషి పట్టించుకునే దెబ్బ కాదు. ముందు సీట్లో, స్టీరింగు పట్టుకుని కూర్చున్నప్పుడు నాకు ఇది ఎప్పుడూ తెలియలేదు. రబ్బరు వేసినా ఇంతే ఉండాలని కోరుకున్నాను. తేడా ఉండకూడదు. ఉంటే ఏం చేయాలో నాకు తెలియదు.

పనిముట్ల కోసం డిక్కీ తెరిచినప్పుడు ఆయనకు ఆ గుడ్డ సంచీ కనబడింది.

"ఇయ్యేంది?"

"పాత రబ్బరువి. మూడు నెలలకే పోయాయి. ఉప్పుగాలికి."

ఒకటి తీసి వెలుతురులో తిప్పాడు. ఇంకొకటి తీశాడు.

"ఉప్పుగాలి కాదు సార్ ఇది. గాలి తింటే పైనంతా బీటలు కొడతాది. ఇయ్యి చూడండి, అన్నీ ఒకే పక్కకి మెలిపడి చినిగినాయి. బండిని గాల్లో లేపి బిగించేసినారు. చక్రం వేలాడతా ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు అదే తన నిలకడ అనుకుంటాది. కిందికి దించినాక బరువు పడి మెలి తిరిగిపోద్ది. బండి పోతా ఉన్నా మెలికే, నిలబడి ఉన్నా మెలికే. మూడు నెలలు వచ్చినాయంటే పాపం, గట్టి సరుకే."

"నేలమీద నిలబెట్టి బిగించి ఉంటే?"

"మూడు నాలుగేళ్ళు కళ్ళు మూసుకుని తిరగొచ్చు." సంచీ మూతి ముడివేశాడు. "ఎవుడు సార్ చేసింది? మళ్ళా ఒకసారి రమ్మని చెప్పలేదా వాడు?"

"చెప్పాడు," అన్నాను.

ఆయన సంచీని మళ్ళీ డిక్కీలో పెట్టి పనిముట్లు తీసుకున్నాడు.

మధ్యాహ్నానికి రబ్బరు బుష్‌లు ఎక్కాయి. బండిని ర్యాంపు మీదికి తెచ్చి నాలుగు చక్రాల మీద నిలబెట్టాడు. ఆయన పద్ధతి ఒకటుంది. చివరి బిగింపుకు ముందు, ఆ బండిలో మామూలుగా ఎవరెక్కడ కూర్చుంటారో వాళ్ళను అక్కడ కూర్చోబెడతాడు. ఆ బరువు మీద బిగిస్తాడు. నాకంటే ముందు వచ్చిన బండిలో ఒకాయన, భార్య, అత్తగారు, ఇద్దరు ఆడపిల్లలు ఫొటో దిగబోతున్నట్టు కదలకుండా కూర్చోవడం పొద్దున చూశాను. "ఊపిరి పీల్చొచ్చమ్మా, ఏం కాదు," అని భాయ్ కింద నుంచి అరిస్తే వాళ్ళు నవ్వారు.

"మీ బండిలో ఎవరెవరు సార్?"

"నేనొక్కణ్ణే."

"అయితే పోయి స్టీరింగు దగ్గర కూర్చోండి."

నేను వెనక తలుపు తీసి ఎడమవైపు కూర్చున్నాను. ఆయన కిటికీ దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయాడు. నా ముఖం చూసి, సీటు మీద నా పక్కన ఒరిగి ఉన్న ఆమె పాత దిండ్లను చూసి, బండి కిందికి వెళ్ళాడు. బోల్టులు బిగించే పానా తిరుగుతున్న శబ్దం ఒక్కొక్క చక్రం దగ్గర నుంచీ వినిపించింది. నాలుగోది ఆగాక, "అయిపాయ సార్," అన్నాడు.

మళ్ళీ ఆ స్పీడ్‌బ్రేకర్ దగ్గరికి నడిపాడు. నేను రెండు చేతులూ సీటు మీద ఆనించి కూర్చున్నాను. బండి లేచింది, దిగింది. లేచిన సంగతి, దిగిన సంగతి తెలిశాయి. దెబ్బ మాత్రం తగల్లేదు. కింద ఎక్కడో మొదలై అక్కడే ఆగిపోయింది.

"ఎట్టా ఉండాది సార్?"

"బాగుంది," అన్నాను.

తీసిన పాలీ బుష్‌లను ఆయన వేరే సంచీలో వేసి ఇచ్చాడు. "పారెయ్యబాకండి సార్. ఇంకా ఎన్నేళ్ళైనా పనికొస్తాయి," అన్నాడు.

సాయంత్రం ఇంటిదారి పట్టాను. ఊరి రోడ్డులో పదకొండింటినీ ఒక్కొక్కటిగా దాటాను. అన్నీ అలాగే, దెబ్బ తగలకుండా పోయాయి, ప్రెసిడెంటు అల్లుడిది కూడా. ఆ జాగ్రత్త ఇప్పుడెవరికని తెలిసీ ప్రతిచోటా దాదాపు ఆపి దాటాను. నొప్పి అంతా నా వల్లనే అని చెప్పలేను. వెన్నులో ఆ జబ్బు ఉన్నాక కొంత ఎలాగూ ఉండేది. ఎంత అన్నది నాకు తెలియదు. ఇంతకుముందు, కొంత కూడా నాది కాదేమో అనుకోవడానికి వీలుండేది.

పాలీ బుష్‌లను గ్రీజు పోయేలా కడిగి వరండాలో గట్టు మీద పెట్టాను. ఎర్రగా, నున్నగా ఉన్నాయి. తిప్పి తిప్పి చూశాను. వాటికేమీ కాలేదు.