రెండోసారి అడిగితే ఒప్పుకుందామని

ఆ రోజుల్లో ఉద్యోగాల విషయంలో నేను పసిదాన్ని. వయసు మాత్రం యాభై ఎనిమిది. కెనడాలో, కాల్గరీలో ఉన్న అమ్మాయి దగ్గరికి వచ్చాకే అక్షరాలు దిద్దాను. ముందు తెలుగు, ఆ వెనకే ఇంగ్లీషు. ఎవరైనా నాకంటూ నాలుగు ముక్కలు రాస్తే, వాటిని నేనే చదువుకోవడం అప్పట్లో పెద్ద సంబరం. ఇంటికి దగ్గర్లో ఉన్న కమ్యూనిటీ సెంటర్ వంటగదికి ఊరికే సాయానికి వెళ్తుండేదాన్ని. అక్కడి మేనేజరమ్మ మంచిదే గానీ, పక్క గదిలో ఉన్నా ఈమెయిలే పంపేది. అవి నాకు తేలిగ్గా దొరకాలని మా అల్లుడు నా ఫోన్లో 'పని' అనే ఫోల్డర్ చేసి, ఆవిడ రాసినవన్నీ అందులోకి వెళ్ళేలా ఒక రూలు పెట్టాడు. ఆ రూలు మెయిల్‌ని లోపలికి పంపకుండా, దానికో కాపీ తీసి లోపల పెడుతోందనీ, అసలుది బయటే ఉండిపోతోందనీ మా ఇద్దరికీ తెలియదు.

నాకు తెలిసిందల్లా మేనేజరమ్మ ప్రతిదీ రెండుసార్లు అడుగుతోందని. "కేకు మిగిలింది, పట్టుకెళ్తావా?" అని బయట ఒకటి, లోపల ఒకటి. మన పద్ధతి ఏమిటి? మొదటిసారి వద్దనాలి, మళ్ళీ అడిగితే పుచ్చుకోవాలి. అందుకని బయటిదానికి "నో, థాంక్యూ" అనీ, లోపలిదానికి "యెస్, థాంక్యూ" అనీ రాసేదాన్ని. మంచు పడుతోంది, కారులో దింపుతానన్నా అంతే. "ఈ దేశం వాళ్ళకి మొహమాటాలు తెలియవంటారు గానీ, మా మేనేజరమ్మ మన మేనత్తల కంటే నయమే. బతిమాలి పెడుతుంది" అని అమ్మాయి దగ్గర గొప్పలు కూడా పోయాను.

ఒకనాడు మెయిల్ పెట్టె నిండిపోయిందని ఫోను మొత్తుకుంటే అల్లుడు తీసి చూశాడు. "అన్నీ డబుల్ ఉన్నాయి అత్తయ్యగారూ. కాపీ తీసేసి మూవ్ పెడతానుండండి" అన్నాడు. తన పేరు కూడా ఆ రూల్లో చేర్చి, 'టెస్ట్' అని ఓ మెయిల్ పంపాడు. (టెస్ట్ అంటే పరీక్ష కదా, నేను కాస్త కంగారు పడ్డాను.) మళ్ళీ రెండు వచ్చాయి. మళ్ళీ పంపాడు. మళ్ళీ రెండు. సాఫ్ట్‌వేరులో పేరున్నవాడు, గంటసేపు జుట్టు పీక్కున్నాక తేలింది, మార్చాడు గానీ సేవ్ నొక్కలేదు. నొక్కాక ఒకటే వచ్చింది. "ఇక డబుల్స్ రావండీ" అన్నాడు. అల్లుడి ఎదుట అర్థం కాలేదని ఎలా అనను? ఫ్రిజ్ చాటు నుంచే "మంచిది బాబూ" అన్నాను.

ఆ తర్వాతి వారం మేనేజరమ్మ మెయిల్. వంటగదిలో జీతానికి చేరతావా అని. కూడబలుక్కుని మళ్ళీ చదువుకున్నాను. బుద్ధెరిగాక నా పేరు మీద ఒక జీతం లేదు. కానీ అడగ్గానే ఒప్పుకుంటే ఆశపడ్డట్టు ఉండదూ? "నో, థాంక్యూ" అని రాసేసి, రెండోదాని కోసం కూర్చున్నాను. శనివారమంతా కూర్చున్నాను.

"ఏంటమ్మా, పొద్దుట్నుంచి ఫోన్ వదలట్లేదు?"

"మేనేజరమ్మ జాబ్ ఇస్తానంది. వద్దన్నాను."

"వద్దన్నావా? ఎందుకు?"

"ఇంకోసారి అడగనీవే, ఒప్పుకుంటా."

అమ్మాయి మొగుణ్ణి కేకేసింది. సంగతంతా విని అతను సోఫాలో కూలబడ్డాడు. "ఆవిడ ఎప్పుడూ ఒక్కసారే అడిగిందండీ. రెండోసారి అడిగింది మన రూలు."

"అయితే ఆ రూలు మళ్ళీ పెట్టేయ్ బాబూ" అన్నాను. (అల్లుడితో మొహం చూసి మాట్లాడింది అదే మొదటిసారి.)

సోమవారం గుండె చిక్కబట్టుకుని వెళ్ళాను. ఆవిడ ఉల్లిపాయలు తరుగుతూ తలెత్తి, ఇంగ్లీషులో నిదానంగా అంది. "నీ 'నో' అందింది. 'యెస్' కోసం చూస్తున్నా. ఎప్పుడూ వెంటనే వచ్చేది, ఈసారి ఇంత ఆలస్యం చేశావేం?"

ఆ పూటే జీతానికి చేరాను. ఇప్పుడు దేనికైనా మొదటిసారే సరే అంటున్నాను. ప్రాణానికి హాయిగానే ఉంది. అయినా, ఒళ్ళో ఫోను పెట్టుకుని, ఎదుటివాళ్ళు తప్పకుండా మళ్ళీ అడుగుతారని శనివారమంతా నమ్మకంగా కూర్చున్న అప్పటి నేను గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ వెంటనే, వెళ్ళి కాసేపు ఆ మనిషి పక్కన కూర్చోవాలనిపిస్తుంది.