నీలం లేని చెలక

మా చెలకను, ఆ మెట్ట భూమిని, నేను చాలాసార్లు గీశాను. ఎర్రమట్టి రంగు మందంగా పూసి, దాని మీద మక్కచేను ఒక పచ్చని అడ్డపట్టీ, చేని ఒడ్డు మీది గడ్డి నాలుగు గీతలు. చెట్టు చెట్టులా ఉండదు, బావి బావిలా ఉండదు. చూసినవాళ్లు తల పక్కకు వంచి, "బాగుంది గానీ, ఏంటిది?" అంటారు. ఊరు ప్రాజెక్టు నీళ్లలో మునిగాక నాకు మిగిలింది రంగులే, ఏం చెయ్యను? నీలం మాత్రం ముట్టను. ఆ రంగంటే నాకు కోపం. ఆకాశాన్ని కూడా దుమ్ము రంగులోనే వేస్తాను.

బాపు సమాధి ఆ చెలకలోనే ఉంది. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని పిలిచే ఇల్లు మాది. కరీంనగర్ వైపు మాలాంటి కొన్ని కుటుంబాలకు దీపావళి అంటే పటాకులు కాదు, పోయినవాళ్ల దగ్గరికి పోవడం. సమాధికి సున్నం వేసి, బంతిపూలు పెట్టి, ఆయనకు ఇష్టమైనవి వండుకుని పోయి, పొద్దుగూకాక దీపాలు వెలిగించి అక్కడే కూర్చునేవాళ్లం. ఊరు మునిగాక అవ్వ ప్రతి దీపావళికీ ప్రాజెక్టు కట్ట ఎక్కి, నీళ్లవైపు తిరిగి ఒక దీపం పెట్టి వచ్చేది. గాలికి అది నిలిచేది కాదు. మళ్లీ వెలిగించేది.

మొన్నటి దీపావళికి ఆమె మోకాళ్లు మొరాయించాయి. కట్ట మెట్లు ఎక్కడం ఇక తన వల్ల కాదని తేలిపోయింది. కరీంనగర్‌లోని మా అద్దె ఇంట్లో పొద్దున్నే పొయ్యి వెలిగించింది. బాపుకు ఇష్టమని సర్వపిండి చేసి, మూత పెట్టి, దాని పక్కనే కూర్చుంది.

సాయంత్రం నేను బొమ్మలు వేసుకునే గదిలోకి వచ్చింది. నా బొమ్మలను అలుకుగుడ్డలని వెక్కిరించే మనిషి, గోడకు ఆనించిన పెద్ద కాన్వాసు ముందు ఆగిపోయింది.

"గిది మన చెలకనేనా?"

"అవునవ్వా."

"మరి గోడకెందుకు నిలవెట్టినవ్? భూమి నిలవడతదా? కిందికి దించు."

దించి నేల మీద పరిచాను. గోడ పట్టుకుని మెల్లగా దాని పక్కన కూర్చుంది.

"మీ బాపు ఏడున్నడు ఇండ్ల?"

నేను గీసేది నా చిన్నప్పటి చెలక.

"గప్పుడు బాపు బతికే ఉన్నడు కదవ్వా. ఇండ్ల సమాధి లేదు."

"లేకుంటే పెట్టు."

తెల్లరంగు బొటనవేలికి తీసుకున్నాను. ఒడ్డు పక్కన, బాపు సద్ది విప్పుకుని తినే చోట అద్దాను. ఇన్నేళ్లూ ఈ బొమ్మల్లో ఆయన్ని నేను చావనివ్వలేదని అప్పుడు తెలిసింది. ఆ తెల్లచుక్కతో బాపు నాకు ఇంకోసారి పోయాడు. వెక్కి వెక్కి ఏడ్చాను.

అవ్వ ఏడవలేదు. చుక్క పక్కన దీపం పెట్టింది. సర్వపిండి తుంచి పెట్టింది. వంగి, చాలా మెల్లగా అడిగింది.

"ఏమయ్యా, నీళ్లల్ల సలి పెడుతుందా?"

దీపం కొండెక్కేసరికి నూనె మరక కాన్వాసు మీద అరచేతంత పాకింది. బొమ్మను మళ్లీ గోడకు నిలబెట్టబోయాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యి బిడ్డా. పండుకున్నోన్ని లేపకు."