గాజువాక డాబా మీద డార్క్ మేటర్

ఆ రోజుల్లో అని మొదలుపెట్టగానే లాంతర్లూ ఎడ్లబండ్లూ ఊహించుకుంటారేమో, అంత వెనక్కి వెళ్ళనక్కర్లేదు. అప్పటికే నా చేతిలో స్మార్ట్ ఫోను ఉండేది, దాని స్క్రీను పగిలి ఉండేది, నెలాఖరుకు డేటా అయిపోయేది. (ఇప్పుడూ అంతే, స్క్రీను మాత్రం మార్పించాను.) అయినా ఆ రోజుల్లో అనే అంటాను. ఎందుకంటే విశ్వరహస్యం తనంతట తాను గాజువాక వచ్చి, మా అద్దె గది పక్కనున్న డాబా మీద వాలుతుందని మనస్ఫూర్తిగా నమ్మిన మనిషి ఆ తరవాత నాకు మళ్ళీ కనబడలేదు. ఆ మనిషిని నేనే.

మాది విశాఖ దగ్గర పద్మనాభం అనే ఊరి వైపు వరి పండించుకునే కుటుంబం. నేను ఎమ్మెస్సీ ఫిజిక్సు ఆఖరి ఏడాదిలో ఉన్నాను. గాజువాకలో ఓ ఇంటి పై గదిలో నేనూ, మా మేనమామ కొడుకు బావా ఉండేవాళ్ళం. బావ అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో వెల్డరు. "సదివింది సాల్రా, ఈ డిసెంబరు దాకా సూసి బావ ఫ్యాక్టరీలో జేరిపో" అని మా నాన్న తేల్చి చెప్పేశాడు. నాకేమో మా మేష్టారి దగ్గర రీసెర్చిలో చేరాలని ప్రాణం కొట్టుకునేది. మేష్టారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి, ఆయన నవ్వగా చూసినవాళ్ళు లేరు. "ఏదైనా కొత్త సంగతి పట్టుకురావయ్యా, అప్పుడు చూద్దాం" అన్నారు. కొత్త సంగతి అంటే ఆయన ఉద్దేశం బహుశా ఓ చిన్న కొలత కావచ్చు. నేను ఏకంగా డార్క్ మేటర్ పట్టుకెళ్దామనుకున్నాను.

విశ్వంలో మనకు కనబడే చుక్కలూ గ్రహాలూ కాస్తే, కనబడకుండా బరువు మాత్రం చూపించేది అంతకు ఎన్నో రెట్లు ఉందంటారు. దాని పేరే డార్క్ మేటర్. పెద్ద పెద్ద దేశాలు భూమి అడుగున గనుల్లో యంత్రాలు పెట్టుకుని దానికోసం కాచుక్కూచున్నాయి. కొందరు శాస్త్రవేత్తలు మాత్రం సూర్యుడి మీద అర్థం కాకుండా ఎగిసే మంటల్లోనూ, మన గాలి పైపొరల్లో కారణం లేకుండా వచ్చే మార్పుల్లోనూ దాని జాడ వెతకమన్నారు. ఆ కనబడని సరుకు ప్రవాహంలా వస్తూంటే, గ్రహాలు భూతద్దంలా దాన్ని ఒకచోటికి చేరుస్తున్నాయేమోనని వాళ్ళ అనుమానం. ఇది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. మా దగ్గర గని లేదు గానీ, గాలి పైపొర అందరిదీ కదా! చెక్క ఫ్రేముకి మోటారు వైండింగు షాపులో కొన్న రాగితీగ చుట్టలు చుట్టలుగా చుట్టి, బావ చేత స్టాండు వెల్డింగు చేయించి, డాబా మీద ఏంటెన్నా నిలబెట్టాను. దూరదేశాల రేడియో తరంగాలు గాలి పైపొరకు తగిలి కిందికొచ్చి దీనికి చిక్కుతాయి. పైన అలజడి రేగితే నా లాప్‌టాప్‌లో గీత లేస్తుంది. గీత లేచినప్పుడు సూర్యుడు ప్రశాంతంగా ఉన్నాడంటే, ఇక అది మన సరుకే. పోర్టు వైపు నుంచి గాలికి కొట్టుకొచ్చిన నల్లటి బొగ్గుదుమ్ములో వేలు ముంచి బావ నాకు చూపించాడు. "దీనికింత కష్టం ఏటి బావా? పిట్టగోడ మీద సెయ్యెట్టి తుడువు, గుప్పెడొస్తాది నీ డార్క్ మేటరు."

నవంబరంతా గీత చాప పరిచినట్టు పడుకుంది. ఆ తరవాత ఒక గురువారం, సూర్యోదయం అవుతూండగా, ఒక్కసారిగా లేచి నిలబడింది! సూర్యుడి సమాచారం చూశాను, అక్కడ మంటా లేదు, మసీ లేదు. నైటు డ్యూటీ చేసొచ్చి పడుకున్న బావను లేపి కావలించుకున్నాను. "ఏటైంది, పెళ్ళి కుదిరిందేటి?" అన్నాడు పాపం. మర్నాడు గీత పడుకుంది. మళ్ళీ గురువారం లేచింది. మూడో గురువారం కూడా! విశ్వానికి వారాలతో ఏం పని అని ఒక్కసారైనా నాకు తోచాలి కదా, తోచలేదు. సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి ఇంచుమించు ఇరవై ఏడు రోజులు, అందులో పావు వంతు దాదాపు వారం అని లెక్క కట్టి, ఆ ఆనందంలో గాజువాక జంక్షన్ దాకా నడుచుకుంటూ వెళ్ళి, ఎందుకు వెళ్ళానో గుర్తురాక తిరిగొచ్చాను. కింది వాటాలో ఉండే ఓనరు పిన్ని గురువారం గురువారం మాకు ప్రసాదం పంపేది. మొదటి వారం పులగం, రెండో వారం అట్లూ తిమ్మనం, మూడో వారం అప్పాలూ పరమాన్నం. ఉత్తరాంధ్రలో పుట్టి, గురువారాన్ని లక్ష్మివారం అనే ఇంట్లో పెరిగి, మార్గశిర మాసంలో విశాఖ ఆడవాళ్ళు ఆ వారాలు ఎంత నిష్ఠగా చేస్తారో తెలిసి కూడా, ఒక చేత్తో అప్పం తింటూ రెండో చేత్తో గీత కొలుచుకున్నాను.

సంగతి చెప్పగానే మేష్టారి కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. "నాలుగోసారి నా కళ్ళెదుట లేవాలి. లేచిందా, నువ్వు నా దగ్గర చేరినట్టే" అన్నారు. చెప్పినట్టే గురువారం తెల్లవారేసరికి మా మెట్లెక్కి వచ్చారు. ముగ్గురం లాప్‌టాప్ చుట్టూ ఊపిరి బిగబట్టి కూచున్నాం. తూర్పున ఎరుపు రాగానే గీత లేచింది! మేష్టారు నా భుజం పట్టుకుని ఊపేశారు. "అద్భుతమయ్యా! అద్భుతం!" నేను ఏడ్చేశాను, బావ ఈల వేశాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది గానీ, గీత మాత్రం బుద్ధిగా పడుకుంది. కాసేపటికి కరెంటు వచ్చింది. గీత కూడా వచ్చింది. మేష్టారు బల్బు వైపు చూశారు, గీత వైపు చూశారు, నా వైపు చూశారు. "ఏమయ్యా, డార్క్ మేటర్‌కి మీటరు కూడా పెట్టించారా?"

నేను నోరు తెరిచేలోపు ఓనరు పిన్ని గారెల పళ్ళెంతో మెట్లెక్కి వచ్చింది. "పూజ మజ్జిలో కరెంటు పోనాది బాబూ! అమ్మోరికి కట్టిన సీరియల్ సెట్టు టక్కున ఆరిపోనాది, నా పేణం ఉసూరుమంది." (సీరియల్ సెట్టంటే పెళ్ళిళ్ళకీ పండగలకీ కట్టే మినుకుమినుకు లైట్ల దండ. చవకరకందైతే చుట్టుపక్కల రేడియోల్ని గోల పెట్టిస్తుంది.) పూజగది ఎక్కడమ్మా అన్నారు మేష్టారు. "మీ కాళ్ళ కిందేనండి." ఒక్క నిమిషం ఆ లైట్లు తీస్తారా అన్నారాయన. పిన్ని మొహం ఎర్రబడింది. "లచ్చివారం పూట అమ్మోరి ముందు లైట్లు ఆర్పమంటారేటి? సదూకున్నోరు అనాల్సిన మాటేనా?" దాంతో నేనూ మేష్టారూ కిందికి దిగి, చేతుల్లో అక్షింతలు పట్టుకుని, వ్రతకథ మొదటి నుంచీ చివరి దాకా విని, హారతి కళ్ళకద్దుకున్నాం. (నా భవిష్యత్తు తేలడానికి ముందు కథలో సవతి కూతురి కష్టాలు తేలవలసి వచ్చింది.) అప్పుడు పిన్ని తనే స్విచ్చి తీసింది. పైనుంచి బావ కేక, "పడిపోనాది బావా!" స్విచ్చి వేసింది. "లేసింది బావా!" నేను గడప మీద కూలబడ్డాను. పిన్ని మాత్రం కళ్ళు పెద్దవి చేసి, "అంటే ఇన్నాళ్ళూ మా అమ్మోరు నీ మిషన్లో అవుపడతందన్నమాట!" అంది. మధ్యాహ్నానికల్లా వీధిలో ఆడవాళ్ళు వరసకట్టి నా ఏంటెన్నాకు పసుపు రాసి బొట్టు పెట్టారు. మేష్టారు డాబా మీద గోడకు ఆనుకుని నవ్వారు చూడండి, ఆయన అలా నవ్వగలరని ఆయనకే తెలిసినట్టు లేదు.

వెళ్ళేముందు ఆయన, రీసెర్చిలో చేరడానికి నేను పెట్టుకున్న దరఖాస్తు మాటే ఎత్తలేదు. సాయంత్రం నాన్నకు ఫోను చేశాను. ఫ్యాక్టరీలో చేరిపోతానని చెప్పడానికే చేశాను.

"నాకు దొరకలేదు నాన్నా. అది పిన్నోళ్ళ సీరియల్ సెట్టు."

గనుల్లో కాచుక్కూచున్నవాళ్ళ సంగతి ముందే చెప్పి ఉన్నాను, నాన్న అదే పట్టుకున్నాడు. "మరి ఆ పెద్ద దేశాలోళ్ళకి దొరికిందేటి?"

"లేదు. ఎవులకీ దొరకలేదు."

"ఆళ్ళకే దొరకంది నీకు నాలుగు లచ్చివారాల్లో దొరికేయాలంటే ఎలాగరా? ఇంకో యేడు సూడు. ఫ్యాక్టరీ ఎక్కడికీ పోదు."

ఫోను పెట్టేసి డాబా మీద ఒక్కణ్ణీ కూచుని, పొద్దుటికంటే గట్టిగా ఏడ్చాను. సోమవారం మేష్టారి గదికి వెళితే నా దరఖాస్తు మీద అప్పటికే సంతకం ఉంది. ఆ ఏడూ నాకేమీ దొరకలేదు, ఆ మరుసటేడూ దొరకలేదు. రీసెర్చి ముగించి ఇప్పుడు ఒక కాలేజీలో ఫిజిక్సు చెప్పుకుంటున్నాను, డార్క్ మేటర్ ఇంకా ఎవరికీ చిక్కలేదు. ఇప్పుడు నేను ఏ గీత లేచినా ముందు ప్లగ్గులన్నీ పీకి చూసే మనిషిని. జాగ్రత్త వచ్చింది, మంచిదే. కానీ ఆ మూడో గురువారం పొద్దున్న ప్రపంచంలో నా ఒక్కడికే తెలిసిన సంగతి అనుకుంటూ మెట్లన్నీ దూకి దిగినప్పటి సంతోషం మాత్రం మళ్ళీ రాలేదు. ఆ కుర్రాడు ఇప్పుడు నాకు ఆ మెట్ల మీద ఎదురొస్తే అసలు సంగతి చెప్పను. ఏమైందిరా అని అడిగి, వాడు చెప్పేదంతా మొదటిసారి వింటున్నట్టు నోరు తెరుచుకుని వింటాను.