తొలి కోత అంగూర్ల కోసం శామీర్‌పేట దాకా

అక్కకు జ్వరం తగ్గినా అన్నం ముట్టడం లేదని కౌకూర్ నుంచి ఆమె కోడలు ఫోన్ చేసింది. ఏం పెట్టినా గడ్డి నమిలినట్టుందంటోందట. ఫోన్ అక్కకిమ్మన్నాను.

"ఏం తినబుద్ధయితాంది?" అని అడిగాను.

"అంగూర్లురా. మన తోటల అంగూర్లు" అంది.

మా చిన్నతనంలో మేడ్చల్ చుట్టూ ద్రాక్షతోటలే. అమ్మ పోయాక నన్ను సాకింది అక్కే. ఆమె గుత్తులు కోసేది, నేను బుట్టల్లో సర్దేవాణ్ణి. బుట్ట అడుగున పరిచే పాత పేపర్లే నాకు బడి. ఆ పండు అనాబ్ షాహీ. లేత పసుపు రంగు, కోల పండు, లోపల గింజ. దొరికేదాకా తిరుగుదామని మర్నాడు పొద్దున ఏడింటికే సూరారంలో ఇల్లు కదిలాను.

ముందు పేట్ బషీరాబాద్‌లో ఒక పెద్ద ఏసీ దుకాణానికి వెళ్లాను. ద్రాక్ష ప్లాస్టిక్ డబ్బాల్లో ఉంది, అంతా గింజ లేనిదే. గింజలున్నది లేదా అని అడిగితే, "గింజలుంటే ఎవరు కొంటరు అంకుల్" అంది అక్కడి పిల్ల. ఆ దుకాణంలో ఏడాది పొడుగునా అన్నీ ఉంటాయి. బయట ఏ కాలం నడుస్తోందో లోపలివాళ్లకు తెలియదు. ఎదురుచూడటం మరిచిన నోటికి ఏం పెడితే ఏముంది?

మేడ్చల్ బస్సెక్కాను. నాకు టికెట్టు, పక్కన ఖాళీ గంప పెట్టుకుని కూర్చున్న కూరగాయలామెకు ఫ్రీ. నేను గొణుగుతుంటే విన్నది.

"నువ్వు గూడ చీర కట్టుకొని రా తాతా, ఎవలొద్దన్నరు?"

బస్సంతా నవ్వింది. నేను నవ్వలేదు గానీ, కిటికీ పక్క సీటు నాకు వదిలింది కాబట్టి ఊరుకున్నాను. దారిలో ఒక విల్లాల గేటు మీద ద్రాక్ష గుత్తి బొమ్మ చెక్కి ఉంది. తోట నరికి, దాని బొమ్మ గేటుకు పెట్టుకున్నారు. ఆ మాటే పైకి అన్నాను. ఎందుకంత మంటని కూరగాయలామె అడిగితే అక్క సంగతి చెప్పాను.

"మేడ్చల్ల లెవ్వు తాతా. శామీర్‌పేట పో. చెరువు తొవ్వల మహబూబ్ భాయ్ కిరాణం అడుగు. దుకాణమెనక ఒక్క పందిరున్నది. నేను చింతచిగురు ఆడ్నే తెస్త."

నమ్మకం కుదరక మేడ్చల్‌లో దిగి దుకాణాలన్నీ తిరిగాను. ఆమె మాటే నిజమైంది. హోటల్లో రెండు చపాతీలు తిని షేర్ ఆటోలో శామీర్‌పేట చేరేసరికి మూడు దాటింది.

మహబూబ్ దుకాణం చిన్నదే. ముందు గోనెపట్టా మీద వేళ్లకు మట్టి అంటిన పాలకూర, సొన ఆరని మామిడికాయలు, తడిగుడ్డ కింద చింతచిగురు. గుడ్డ ఎత్తగానే పులుపు వాసనకు నోరూరింది. పావుకిలో కట్టించాను. మహబూబ్ నడివయసు మనిషి. రంజాన్ నెల, రోజా ఉన్నాడు, పొద్దుగూకేదాకా నీళ్లు కూడా ముట్టడు. అయినా నాకు కుర్చీ వేసి చెంబుతో నీళ్లిచ్చాడు. వెనక పందిరి కింద బుట్టెడు గుత్తులు కోసి పెట్టి ఉన్నాయి. అవే. ఆత్రం కొద్దీ జేబులో నోట్లు తీసి గల్లా మీద పెట్టాను.

అతని ముఖం మారిపోయింది. "పైసలు లోపట పెట్టు చాచా. తొలి కోత అమ్మం."

నాకు తెలియనిదా? మా తోటల్లోనూ తొలి కోత బజారుకు పోయేది కాదు. పొద్దుగూకే వేళ పందిరి కింద ఎవరుంటే వాళ్లకు మనిషికొక గుత్తి. అక్కడే తినాలి. రాని మనిషికి వాటా లేదు. తెలిసీ డబ్బు చూపించాను.

"మరి ఎప్పుడమ్ముతవు?"

"మిగిలినవి పండనీకె పదిహేను దినాలు పడ్తది."

అన్నం ముట్టని అక్కకు పదిహేను రోజులు. నాకు కోపమొచ్చింది. "రివాజని మనుషులను మాడుస్తవా?" అన్నాను.

"గుస్స చేస్తవేంది చాచా. పొద్దటి సంది మాడుతున్నది నేను" అన్నాడు.

అయినా కుర్చీ వదల్లేదు. సాయంత్రానికి పది పన్నెండు మంది పోగయ్యారు. అజాన్ వినిపించింది. మహబూబ్ ఖర్జూరం నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, గుత్తులు పంచాడు. నా చేతిలోనూ ఒకటి పడింది. తినకుండా పట్టుకునే ఉన్నాను.

"తినవేంది?"

ఎవరినీ ఏదీ అడగకుండా ఇన్నేళ్లు బతికాను. ఇవాళ అడిగాను. "మా అక్కకు గావాలె. ఈ తోటలల్ల కోసిన మనిషి. లేవలేకపోతాంది. ఇయ్యవా?"

అతను పందిరి వైపు చూశాడు. "నీ వాటా నువ్వు ఈడ్నే తినాలె. అది మా అబ్బా పెట్టిన రివాజు. నా వాటా నా ఇష్టం." తన గుత్తి తొడిమ పట్టుకుని ఎత్తి, నా సంచిలో చింతచిగురు మీద పడుకోబెట్టాడు.

నా గుత్తి అక్కడే తిన్నాను. పులుపు మీదే ఉంది. అయినా ఒక్క పండూ వదల్లేదు.

సికింద్రాబాద్ బస్సెక్కి, బొల్లారంలో దిగి, ఆటోలో కౌకూర్ చేరేసరికి ఎనిమిదైంది. అక్క గోడకానుకుని కూర్చుంది. ఒక పండు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంది. తొలి కోత సంగతి, మహబూబ్ తన వాటా ఇచ్చిన సంగతి చెప్పాను. ఒకటొకటిగా సగం గుత్తి తిన్నది.

"గివ్వే" అన్నది. ఇంకొక పండు తీసుకుని, "మిగిలినవి ఎప్పుడు పండుతయన్నడు?"

"పదిహేను దినాలన్నడు."

"అయితే నేనూ వస్త. పందిరి కిందనే తింట." కోడలి వైపు తిరిగి, చింతచిగురుతో పప్పు చేసి ఇంత అన్నం పెట్టమంది.

రాత్రి అక్కడే పడుకుని, పొద్దున బస్సులో సూరారం తిరుగుముఖం పట్టాను. అటు వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. సాయంత్రానికి చేరండి, డబ్బు ముందే తీయకండి. దారి పొడుగునా ఒకప్పుడు తోటలున్న చోట్లు కిటికీలోంచి పోల్చుకుందామని చూశాను. రెండు మూడు కంటే గుర్తుపట్టలేకపోయాను. అక్కను పక్కన కూర్చోబెట్టుకుంటే అన్నీ చెబుతుంది. పదిహేను రోజులు ఎక్కువేం కాదు. కానీ ఎండలు ముదురుతున్నాయి, పిట్టలు కాచుకుని ఉన్నాయి, మా ఇద్దరికీ వయసు మీద పడింది. పందిరేమో ఒక్కటే మిగిలింది.