చేతికివ్వని సూది

నేను కూర్చునే మిషను రోజంతా నోరు మెదపకపోతే అది మంచి రోజు. మేం బతుకుతెరువుకు వచ్చిన గుజరాతీ నగరంలో, పర్వత్ పాటియా అనే పేటలో ఒక భవనం మూడో అంతస్తులో చిన్నపిల్లల గౌన్లు కుట్టే కార్ఖానాలో పనిచేస్తున్నాను. కుట్టి, ఇస్త్రీ చేసి, మడత పెట్టిన ప్రతి గౌనూ డబ్బాలోకి వెళ్లేముందు నా దగ్గరికి రావాలి. రబ్బరు పట్టా మీద ఒక్కొక్కటే పెడతాను. అది చిన్న సొరంగంలోంచి పోయి అవతల తేలుతుంది. కుట్టులో ఎక్కడైనా విరిగిన సూది మొన ఇరుక్కుని ఉంటే మిషను కుయ్యిమని పట్టాను ఆపేస్తుంది. అందరూ దాన్ని సూది మిషను అంటారు, నన్ను సూది మిషను పిల్ల అంటారు. ఎవరితోనూ పెద్దగా మాట్లాడక్కర్లేదు కదా అని చేరాను. నచ్చిందా లేదా అని ఇప్పుడు ఆలోచించడం మానేశాను. పొద్దున లేస్తాను, వెళ్తాను.

చేరిన కొత్తలో మాత్రం ఆ సొరంగంలో ఏముందో తెలుసుకోవాలని ఉండేది. పాత సామాన్ల బండి దగ్గర అట్ట ఊడిన హిందీ సైన్సు పుస్తకం ఒకటి కొని, ఇంట్లో ఎవరూ చూడకుండా చదివాను. ఎందుకు దాచుకున్నానో తెలియదు, చదవడం నాకెప్పుడూ దాచుకునే పనే. సొరంగం లోపల అయస్కాంతాల బలం నిశ్చలంగా పరుచుకుని ఉంటుంది. ఇనుము అందులోంచి కదిలి వెళ్తే ఆ నిశ్చలత్వం కొంచెం చెదురుతుంది. నిద్రపోతున్న మనిషికి దుప్పటి అంచు ఎవరో లాగినట్టు తెలుస్తుంది చూడండి, అలా. పక్కనే చుట్టి ఉన్న రాగితీగల్లో ఆ కదలికకు సన్నని కరెంటు పుడుతుంది. ఆ కరెంటే మాకు వినపడే కూత.

మాల్ గుమ్మం దగ్గర మనుషుల్ని తనిఖీ చేయడానికి నిలబెట్టే చట్రం వేరే రకం. అది తనే అయస్కాంత అలల్ని వదులుతూ ఉంటుంది. తాళంచెవైనా, వెండి గొలుసైనా, ఏ లోహమైనా ఆ అలకు బదులిస్తుంది. స్టేషన్లలో, కోర్టుల్లో ఉండేది ఆ రకమే. నేల కింద పైపులు వెతికేవాళ్లూ, మందుపాతరలు వెతికే జవాన్లూ చేతబట్టుకు తిరిగేదీ దానికి చుట్టమే. ఇదే నగరంలో వరాఛా పేటలో వజ్రాలు సానబట్టే చోట మాత్రం ఆ గుమ్మం వజ్రాన్ని పట్టలేదు. వజ్రం లోహం కాదు మరి, మనుషుల్నే తడిమి చూడాలి. మా సూది మిషనుకైతే ఇనుమొక్కటే లెక్క. బంగారం దాని ముందు గాలితో సమానం. అందుకే గౌన్లకు ఇత్తడి హుక్కులే వేస్తారు. పొద్దున ఒకసారి, టీ అయ్యాక ఒకసారి, మూసేముందు ఒకసారి దానికి పరీక్ష పెడతాను. ఆవగింజకన్నా చిన్న ఇనుపగుండు పొదిగిన ప్లాస్టిక్ ముక్కను పట్టా మీద పంపితే అది కూయాలి. కూసిందంటే మేలుకునే ఉందన్నమాట.

అమ్మ కూడా అదే గదిలో, అవతలి కిటికీ దగ్గర చాప మీద కూర్చుని పనిచేస్తుంది. బొత్తాలు, హుక్కులు, ఛాతీ మీద రిబ్బను పువ్వులు ఇవన్నీ చేతికుట్టే. ఇంతకుముందు చాలా ఏళ్లు మేముండే గోడాదరాలో మరమగ్గాల షెడ్డులో కండెలు చుట్టింది. ఆ చప్పుడుకు ఆమె చెవులు మొద్దుబారిపోయాయి. వినపడని మాటకల్లా ‘ఊ’ అంటుంది. ఆ ‘ఊ’ ఎంత సరిగ్గా అంటుందంటే, వినపడలేదని ఎవరికీ అనుమానం రాదు. రాకూడదనే ఆమె కోరిక.

షెడ్డులో నిలబడి నిలబడి కాళ్లు వాచిన మనిషికి చాప మీద కూర్చుని చేసే పని దొరకడం పెద్ద సంగతి. అది పోతే మళ్లీ షెడ్డే. పోయే భయం ఆ మధ్యే మొదలైంది. ఒక సాయంత్రం అమ్మ సూది కనిపించలేదు, మర్నాడు చాప అంచు కింద దొరికింది. పనిమీద అజమాయిషీ చేసే గుజరాతీ ఆవిడను మేమంతా బెన్ అని పిలుస్తాం. చెడ్డమనిషి కాదు, పైవాళ్లు ఆవిడ్ని తిడతారు, ఆవిడ మమ్మల్ని తిడుతుంది. పెద్దవాళ్లను మాసీ, అంటే పిన్నీ, అని పిలుస్తుంది. ఆ రోజు అమ్మతో, “మాసీ, ఇంకొక్కసారి సూది పోతే చాప మీద నీ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను” అంది. ఇంటికి వస్తూ అమ్మ నాతో, “షెడ్డుకు మాత్రం మళ్ల పోనే. గీ సూదిని నా పాణం లెక్క చూసుకుంట” అంది.

సూదితో అమ్మకు ఇంకో పట్టింపు ఉంది. సూదిని ఎవరి చేతికీ ఇవ్వదు, ఎవరి చేతినుంచీ తీసుకోదు. సూది చేతినుంచి చేతికి పోతే ఆ ఇద్దరికీ తగవవుతుందని మావాళ్ల నమ్మకం. గుడ్డపీలికకు గుచ్చి పక్కన పెడితే అవతలివాళ్లు తీసుకోవాలి. చాప మీద మా కరీంనగర్ వైపు ఆడవాళ్లంతా ఇదే చేస్తారు. అమ్మ పక్కన కొత్తగా వచ్చిన ఒడిశా అమ్మాయికి కూడా నేర్పింది.

“హాత్ మే నై దేనా. కప్‌డే మే లగా దేనా. నైతో ఝగ్డా హోతా” అని తనకు వచ్చిన హిందీలో చెప్తే, ఆ అమ్మాయి నవ్వుతూ తలూపింది.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి సూది విరిగింది. విరిగితే ముక్కలన్నీ ఏరి, టేపుకు అతికించి, పూర్తి సూది అయిందని బెన్‌కు చూపించాలి. అప్పుడే కొత్తది ఇస్తారు. బెన్ కిందికి వెళ్లి ఉంది. అమ్మ తన సూదిని పీలికకు గుచ్చి ఆ అమ్మాయి ముందు పెట్టి, తను మడతలు పెట్టే బల్ల దగ్గరికి పోయింది. ఆ తర్వాత అమ్మ కుట్టుపనికి కూర్చోలేదు. బిడ్డకు జ్వరమని ఫోన్ వస్తే ఆ అమ్మాయి టీ వేళకే ఇంటికి వెళ్లిపోయింది.

సాయంత్రం బెన్ రోజూలాగే సూదులు లెక్కపెట్టి తీసుకోవడానికి స్టీలు గిన్నె పట్టుకుని చాప దగ్గరికి వచ్చింది. అందరూ సూదులు అందులో వేశారు. అమ్మది లేదు.

“మాసీ, నీది?”

అమ్మ చాప తడిమింది, ఒడి దులిపింది. “ఆ పిల్లకిచ్చిన” అంది తెలుగులోనే, నా వైపు చూస్తూ. నేను లేచి వెళ్లి హిందీలో చెప్పాను. బెన్ ఆ అమ్మాయికి ఫోన్ చేసి అందరికీ వినపడేలా పెట్టింది.

“తిరిగి ఇచ్చేశాను కదా మాసీ!” అంది అవతలినుంచి గొంతు. వెనక బిడ్డ ఏడుస్తోంది.

నేను అమ్మ చెవి దగ్గరికి వంగి చెప్పాను. “ఇచ్చిందంటుంది.”

“నా చేతికైతే రాలే.”

“ఇచ్చానంటోంది, రాలేదంటున్నావు. ఎవరిది నిజం?” అని బెన్ విసుక్కుంది.

“గా పిల్ల అబద్ధమాడుతుందని నేనంటలేను. నా చేతికైతే రాలే, గంతే.”

ఫోన్ తెగిపోయింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. కింద బండి వచ్చి నిలబడి ఉంది. అంటించిన డబ్బాలన్నీ విప్పమంది బెన్. సూది ఏ పసిపిల్ల గౌనులో ఉందో తెలియకుండా బండి కదలదు. గదంతా ఒక్కసారి ఉసూరుమంది. చాప మీద అందరికంటే పెద్దది, నేను పెద్దమ్మా అని పిలిచే ఆవిడ, మోకాళ్లు పట్టుకుని లేచింది.

“ఇయ్యాల ఇంటికి పోయినట్టే. ఓ బిడ్డా, మీ పెదనాన్నకు ఫోన్ జేసి జర బియ్యం కడిగి పెట్టమను. నీళ్లెక్కడుంటయని అడుగుతడు, గది గూడ చెప్పు.”

కొందరు నవ్వారు. అమ్మ నవ్వలేదు, గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. బెన్ ఆమె వైపు చూడడం మానేసింది. తిడుతున్నప్పటికంటే అదే నాకు ఎక్కువ భయమేసింది.

పొద్దుట్నుంచీ పంపిన గౌన్లనే మళ్లీ పంపడం మొదలుపెట్టాను. గులాబీరంగు, తెలుపు, గులాబీరంగు, తెలుపు. భుజాలు లాగేస్తున్నాయి. ఎన్నడూ కోరుకోనిది ఆ సాయంత్రం కోరుకున్నాను, కూయవే అని. అది కూయలేదు. అనుమానమొచ్చి ఇనుపగుండు ముక్క పెట్టి చూశాను. వెంటనే కూసింది. అది మేలుకునే ఉంది.

సగం డబ్బాలయ్యాక బెన్ అరలోంచి చేతి డిటెక్టర్ తీసి నా ముందు పెట్టింది. మేం దాన్ని డండా అంటాం. “ముందే ఇది చేయాల్సింది. దీకరీ, ఆడవాళ్లందరినీ చూడు. మీ అమ్మను కూడా” అంది. దీకరీ అంటే బిడ్డా అని.

నేను ఎదుటివాళ్లకు దగ్గరగా నిలబడాలంటేనే ముడుచుకుపోయే మనిషిని. ఒక్కొక్కరి ముందూ తలవంచుకుని నిలబడి, డండాను భుజాలనుంచి కాళ్లదాకా నడిపించాను. డండా కూడా ఇనుమునే పడుతుంది. వెండి మెట్టెలకు, గాజులకు పలకదు. రవికె హుక్కుల దగ్గర మాత్రం సన్నగా మూలుగుతుంది, అది లెక్కలోకి రాదు. పెద్దమ్మ చేతులు రెండూ పైకెత్తి, “మంచిగ చూడు, నా ఒంట్ల ఇనుమున్నదేమో. డాక్టరు లేదన్నడు, గోలీలు రాసిచ్చిండు” అంది.

ఆఖర్న అమ్మ. మెడ దగ్గర డండా గట్టిగా కూసింది. అమ్మ కళ్లు మూసుకుంది. పుస్తెలతాడును కొంగు కిందినుంచి బయటికి తీస్తే రెండు పిన్నీసులు వేలాడుతున్నాయి. కార్ఖానాలో పిన్నీసు తేకూడదని అందరికీ తెలుసు. మా ఆడవాళ్ల తాళ్లకు పిన్నీసు లేని రోజు ఉండదని కూడా అందరికీ తెలుసు.

“తీసేస్తానని చెప్పావు కదా మాసీ” అంది బెన్ నీరసంగా.

“యాదికి లేదు” అంది అమ్మ. పిన్నీసులు తీసి గిన్నెలో వేసింది. ఇక నా చోటు పోయినట్టే అన్నట్టు భుజాలు జారేసి నిలబడింది.

“వెనక్కి తిరుగు అమ్మా” అన్నాను.

వీపు మీద హుక్కులుండవు, పిన్నీసులుండవు, అక్కడ డండా ఎప్పుడూ మౌనమే. ఎడమ భుజం వెనక, కొంగు మడతలు నాలుగు పొరలుగా పడ్డచోట అది గట్టిగా కూసింది. తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ కూసింది. మడత విప్పి చూస్తే సూది, అడ్డంగా, చక్కగా గుచ్చి ఉంది. దానికి గులాబీరంగు దారం.

అమ్మ ఆ రోజు తెల్ల బొత్తాలే కుట్టింది. గులాబీ పువ్వులు కుట్టింది ఒడిశా అమ్మాయి.

“సూది నీ వీపెక్కి కూసున్నదే” అంది పెద్దమ్మ.

బెన్ అమ్మను ఎగాదిగా చూసింది. “ఒంటిమీద పెట్టుకుని, నాకు తెలియదంటావా?”

అమ్మ “ఊ” అంది.

వినపడక అన్న ఊ అది. నాకు తెలుసు. బెన్‌కు మాత్రం ఒప్పుకున్నట్టు వినపడింది. నేను మాట్లాడకపోతే అక్కడితో అయిపోయేది. సూదిని బెన్ ముందు పట్టుకుని, దారం రంగు చూపించాను. మావాళ్లు సూదిని చేతికివ్వరని, గుడ్డకు గుచ్చి ఇస్తారని, ఆ అమ్మాయికి అమ్మే అలా నేర్పిందని హిందీలో మొదలుపెట్టి, మధ్యలో గుజరాతీలోకి జారి, ఎలాగో ముగించాను. అమ్మ చెవుల సంగతి చెప్పలేదు. అది అమ్మది, చెప్పాలో వద్దో ఆమే చూసుకోవాలి.

ఆ సమయానికే ఆ అమ్మాయి తిరిగి ఫోన్ చేసింది. బెన్ అడిగితే ఏమీ దాచకుండా చెప్పింది. “చేతికివ్వొద్దంది కదా. మాసీ బల్ల దగ్గర అటు తిరిగి మడతలు పెడుతోంది. వెనకనుంచి కొంగుకు గుచ్చి, గుచ్చాను మాసీ అని చెప్పాను. ఊ అంది.”

బెన్ సూదిని గిన్నెలో వేసి, నుదురు రుద్దుకుంది. కోపం తెచ్చుకోవడానికి కూడా ఆవిడలో ఓపిక మిగల్లేదనుకుంటాను. “రేపటినుంచి చాప మధ్యలో అయస్కాంతం పళ్లెం పెడతాను. సూది అందులోనే పెట్టాలి, అందులోంచే తీసుకోవాలి. చేతికీ వద్దు, కొంగుకీ వద్దు. మాసీ, నువ్వు గోడకు వీపు ఆనించి కూర్చో. నీ వెనక ఎవరూ ఉండకూడదు.”

నేను చెవిలో చెప్పాను. అమ్మకు ముందు తెలియాల్సింది ఒక్కటే. “చాప మీదనే గదా?”

“చాప మీదనే.”

“గట్లైతే మంచిదే” అంది. కాస్త ఆగి, “చేతికియ్యద్దని బెన్ గూడ అంటుందిగ, చూడు” అంది.

విప్పిన డబ్బాలు మళ్లీ అంటించి కిందికి దిగేసరికి వీధి దీపాలు వెలిగాయి. షేర్ ఆటోలో ఇరుకున కూర్చున్నాం. బెన్ తిరిగిచ్చిన పిన్నీసులు రెండూ అమ్మ గుప్పిట్లో ఉన్నాయి. గోడాదరాలో మా సందు మొదట్లో, మగ్గాల షెడ్డు ముందునుంచి నడుస్తున్నప్పుడు వాటిని తిరిగి తాడుకు తగిలించుకుంది. లోపల మగ్గాలు మోగుతున్నాయి. అమ్మ ఆ వైపు చూడలేదు.

ఇంటికి వచ్చాక నాన్న చొక్కాకు బొత్తాం ఊడిందని అమ్మ నన్ను సూదీ దారం అడిగింది. సన్నని కన్నంలోకి దారం ఎక్కించడం ఆమెకు కష్టం, నేనే ఎక్కించాను. అలవాటుగా వెనకనుంచి వెళ్లబోయి ఆగాను. చుట్టూ తిరిగి ఎదురుగా కూర్చుని, ఆమె చూస్తుండగా సూదిని చొక్కా జేబుకు గుచ్చి, “గుచ్చినమ్మా” అని గట్టిగా అన్నాను.

“వినపడ్డది తియ్, గంత మొత్తుకుంటవెందుకు” అంది అమ్మ.