మలావిలో పటేలుగారి గుంత

ముందే చెబుతున్నాను, ఈ కథలో నేను గెలవను. మూడు విమానాలు మారి, సముద్రం దాటి, ఒక బడి ఆవరణలో, పట్టపగలు, సాక్షాత్తు బిషప్‌గారి ఎదుట నా పరువును ఎనిమిది అడుగుల లోతులో పెట్టి వచ్చాను. మీరు నిస్సంకోచంగా నవ్వండి. ఎనిమిదేళ్లయింది కాబట్టి నేనూ నవ్వుతాను.

మాది పెద్దమందడి దగ్గర పటేళ్ల కుటుంబం. భూములు పోయాయి, భవంతి పోయింది, మిగిలింది నా వెన్నెముక ఒక్కటే. దాన్ని వంచకుండా కాపాడుకుంటూ వచ్చాను. వనపర్తిలో జిరాక్సు దుకాణం నడుపుతూ కూడా, కాగితం కింద పడితే వంగేవాణ్ణి కాదు. గాలి దయతలచి పైకి లేపుతుందేమోనని చూసేవాణ్ణి. మా అమ్మ వైపు నుంచి నాకు దక్కింది చర్చి. అక్కడా చాప మీద, గోడకు ఆనకుండా, ఫొటో తీయించుకుంటున్నవాడిలా కూర్చునేవాణ్ణి.

ఆ ఏడాది మా చర్చి నుంచి ఐదుగురం రెండు వారాల సేవకు మలావి వెళ్లాలని తీర్మానమైంది. అక్కడి చర్చి బడిలో పిల్లలకు మరుగుదొడ్లు లేవు. గుంతలు తవ్వి, గదులు కట్టి రావాలి. దరఖాస్తులు నింపే పని సహజంగానే నాకు వచ్చింది. 'తెలిసిన పనులు' అన్న గడి దగ్గర కలం ఆగింది. మా తాత పదకొండు బావులు తవ్వించాడు. మా ఇళ్లలో కూలీలు చేసిన పని కూడా మేం చేసినట్టే చెప్పుకుంటాం. అందుకని నా గడిలో 'మట్టి పని, బావుల తవ్వకం. తరతరాల అనుభవం' అని రాశాను.

తర్వాత సుగుణమ్మ వంతు. ఖిల్లా ఘణపూర్ మనిషి, యాభై దాటాయి, స్త్రీల సమాజంలో పాట ఎత్తుకునేది ఆమే. ఏం పని వచ్చని అడిగాను.

"నాకేమొస్తది పటేలా. తట్ట మోసుడు, గింత మట్టి పని."

విదేశాలకు పంపే కాగితంలో తట్ట గురించి రాస్తే ఏం బాగుంటుంది? ఆమె గడిలో 'ఏమీ లేదు' అని రాశాను.

అక్కడి పాస్టరు గారు, మన దురదృష్టం, దరఖాస్తులు అక్షరం వదలకుండా చదివే మనిషి. దిగిన మర్నాడే నా చేతికి పార ఇచ్చి, సుగుణమ్మను వంటింటికి పంపాడు. ఆమె మొక్కజొన్న సంకటి కలుపుతూ కిటికీలోంచి మా వైపు చూసేది. నేను పారను చేతికర్రలా పట్టుకుని గట్టు మీద నిలబడేవాణ్ణి. ఆ ఊరి సోదరులు నలుగురు తవ్వేవారు. వాళ్లు ఒక మూల మెట్లు వదులుతూ దిగుతుంటే, గోడ అందం చెడుతుందని చెక్కించేశాను. మట్టిని దూరం మోయడం దండగని అంచునే కుప్ప పోయించాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిపుణుడు చెప్పాక ఇంకేముంది, పాపం తాడు పట్టుకుని ఎక్కుతూ దిగుతూ తవ్వారు.

ఆదివారం బిషప్‌గారు వచ్చి చూస్తారు. గుంత ఇంకా రెండడుగులు దిగాలి. గురువారం ఆ నలుగురూ ఎడ్లబండి మీద ఇటుకలకు వెళుతూ, కట్టుకోవడానికి తాడు కూడా పట్టుకుపోయారు. ఒంటరిగా నాలుగు పారలు తవ్వి నా ఘనత చూపిద్దామని లోపలికి జారాను. జారడం చాలా సులభంగా జరిగింది. పది పారలు తవ్వి తల ఎత్తితే, ఆకాశం రేషను కార్డంత ఉంది. అంతలో అంచున కుప్ప కదిలి మోకాళ్ల దాకా మట్టి జారింది.

కాసేపటికి ఆ రేషను కార్డులో సుగుణమ్మ తల కనిపించింది.

"ఏంది పటేలా, గట్ల నిలబడ్డవ్?"

"పని చూస్తున్న."

"ఎక్కొచ్చేటందుకు మెట్టేది?"

"చెక్కించిన."

"దేనికి?"

"అందంగా లేదని."

 ఆమె అంచు వెంబడి చూసి గొంతు తగ్గించింది. "ఒడ్డు పగిలింది. కాళ్లు మెల్లగ తీసి ఆ మూలకు జరుగు. ఒర్లకు, అరిస్తే ఇంకింత కూలుతది."

పరువు సంగతి మరిచి ఊపిరి సంగతి ఆలోచించడం నా జీవితంలో అదే మొదటిసారి. ఆమె కొంగు బిగించి, తట్ట తెచ్చి, కుప్పను దూరంగా ఎత్తిపోయసాగింది. ఒక్కో తట్టకూ ఒక్కో మాట కింద పడేది. "మీ ఊరి బాయి తవ్వింది మా మామనే. మీ తాత గొడుగు పట్టుకొని ఒడ్డు మీద నిలబడెటోడంట. నీకు గదొక్కటే వచ్చింది."

సరిగ్గా అప్పుడు, మూడు రోజుల ముందుగా, బిషప్‌గారు వచ్చారు. పక్కన మా ఐదుగురిలో ఒకరైన మా చర్చి పాస్టరు అయ్యగారు. బిషప్‌గారు తొంగి చూసి ఈ సోదరుడు లోపల ఏం చేస్తున్నాడని ఇంగ్లీషులో అడిగారు.

అయ్యగారు ఆ మాట తెలుగులో చెప్పగానే సుగుణమ్మ తట్ట దించకుండానే అంది. "లోతు కొలుస్తుండని చెప్పుండ్రి అయ్యగారు. మనిషెత్తు లెక్క."

బిషప్‌గారు పొంగిపోయి అక్కడికక్కడే నా మీద చేయి చాపి ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన బూటు కదిలినప్పుడల్లా నా కాలర్లోకి పిడికెడు మట్టి. ఆమెన్ తర్వాత, ఆడపిల్లల గుంత, పక్క ఊరి బడి గుంతలు కూడా ఈ సోదరుడే చూడాలన్నారు.

నేను తల ఊపితే చాలు, పరువు దక్కినట్టే. కానీ పైన సుగుణమ్మ చీరంతా ఎర్రమట్టి.

"అయ్యగారు, నాకు తవ్వుడు రాదు," అన్నాను. "తవ్విచ్చుడు సుత రాదని ఇయ్యాల తెలిసింది. ఆమెకొస్తది. కాగితం మీద నేనే తప్పు రాసిన."

అయ్యగారు ఒక్క ముక్క వదలకుండా అనువదించారు. బిషప్‌గారి నవ్వుకు మిగిలిన మట్టి కూడా రాలింది. బండి వచ్చాక నలుగురూ నా చంకల కింద తాడు కట్టి, జెండాలా పైకి లాగారు.

అప్పటి నుంచి పెత్తనం సుగుణమ్మది, తట్ట నాది. మొదటి తట్టకే నడుము వంగింది, విరగలేదు. నిపుణుణ్ణి కాకపోవడం ఎంత హాయో చెప్పలేను. ఎక్కడ తవ్వాలి, ఎంత తవ్వాలి అని నన్నెవరూ అడగరు. "పటేలా, ఉరుకు," అంటే ఉరకడమే. ఆదివారానికి మొదటి గుంత, మేం బయలుదేరే ముందు రెండోది పూర్తయ్యాయి.

పోయిన క్రిస్మస్‌కు అక్కడి పాస్టరు గారు ఫోన్ చేశాడు. పక్క ఊరి బడిలో కూడా గుంతలు అయ్యాయట. ఎంత లోతని మర్యాదకు అడిగాను. "ఒక పటేలు, పైన రెండు మూరలు," అన్నాడు. ఆ ప్రాంతంలో నేను కొలతగా స్థిరపడిపోయాను.

కాబట్టి సర్వజనులకూ తెలియజేసుకుంటూ ప్రమాణం చేస్తున్నాను. పని తెలిసినవాళ్లు వదిలిన మెట్టును బతికున్నంత కాలం చెక్కించను. ఎవరికీ ఏమీ రాదని నా చేత్తో రాయను. ఇకమీదట నన్నెవరైనా నిపుణుడని పిలిస్తే, పైకి వచ్చే దారి ఎటో ముందు అడుగుతాను.