దినాలు చేశాక తిరిగొచ్చిన హీరో

జూబ్లీ హిల్స్‌లో మా నిర్మాతగారి గెస్ట్‌హౌస్‌లో ప్రేక్షకుడి ప్రస్తావన రాని పూట లేదు. ఆ గదిలో కూర్చునేవాళ్ళు టిక్కెట్టు కొని సినిమా చూసి ఎన్నేళ్ళయిందో వాళ్ళకే తెలియదు. అయినా ప్రేక్షకుడు ఎక్కడ ఈల వేస్తాడో, ఎక్కడ లేచి బయటికి పోతాడో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. పొద్దున పెసరట్టు ఉప్మాతో మొదలయ్యే కథా చర్చ మధ్యాహ్నం గోంగూర మటన్ దగ్గర కాసేపు ఆగి, సాయంత్రం మిరపకాయ బజ్జీలతో ముగిసేది. ఆ మధ్యలో కథ కూడా కాస్త కదిలేది.

నేను మాటలు రాసేదాన్ని. అంతరిక్షం మీద మూడు భాగాల సినిమా తలపెట్టినప్పుడు మొదటి రెండు భాగాలకీ మాటలు నావే. కథ అర్థం కానిదేమీ కాదు. ఒక వ్యోమగామి, అతని కూతురు. అతను ఓడలో ఎక్కడికో దూరం వెళ్తాడు. పిల్ల రోజూ సాయంత్రం రేడియో ముందు కూర్చుని "నాన్నా, వినిపిస్తోందా?" అని అడుగుతుంది. మొదటి భాగంలో జవాబు వస్తుంది. రెండో భాగం చివర అతను తోటివాళ్ళని బతికించడానికి గాలి బయటికి పోతున్న గది తలుపు లోపలినుంచి మూసేసుకుని, ఊపిరాడక చనిపోతాడు. పిల్ల మాత్రం ఇక్కడ అడుగుతూనే ఉంటుంది. అక్కడ ఆపాం. హాల్లోంచి మగవాళ్ళు కూడా ముక్కులు చీదుకుంటూ బయటికొచ్చారు.

ఆ వారంలోనే బోరబండ నుంచి హీరోగారి అభిమాన సంఘం అధ్యక్షుడు ఆఫీసుకి వచ్చాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుకునే మనిషి. పాత్ర చనిపోయింది కాబట్టి బస్తీలో దినాలు చేస్తున్నామని, యూనిట్ అంతా భోజనానికి రావాలని పిలిచాడు. నవ్వులాట కాదు, మామిడాకు రంగు చొక్కా వేసుకుని, చేతులు కట్టుకుని, శోకంగానే పిలిచాడు. అతను మెట్లు దిగేదాకా ఆగి ఆఫీసువాళ్ళు పడీ పడీ నవ్వారు. హీరోగారు పైఅంతస్తులో నిక్షేపంగా గ్రీన్ టీ తాగుతున్నారు మరి.

నేను మా ఆయన్ని వెంటేసుకుని వెళ్ళాను. హెల్మెట్ పెట్టుకున్న హీరో ఫ్లెక్సీకి చామంతి దండ, ముందు దీపం, పక్కన ముగ్గురు నున్నటి గుండ్లతో. వీధంతా బంతులు వేసి భోజనాలు పెట్టారు. మా ఆయన మటన్ మారు వడ్డించుకుని తిన్నారు. తిరిగొచ్చేటప్పుడు స్కూటర్ మీద, "నీ రాతకి మనుషులు గుండు కొట్టించుకున్నారే, ఇంకేం కావాలి నీకు" అన్నారు. నాకు వచ్చిన మెప్పుల్లో ఇప్పటికీ చెప్పుకోదగ్గది అదొక్కటే.

ఏడాది తిరక్కుండా మా ఆయన దినాలు మేం చేశాం. గుండె ఆగిపోయింది, తన ఆఫీసు కుర్చీలోనే.

మధురానగర్‌లో మాది కిందివాటా. గేటుకి రెండు రెక్కలు. సాయంత్రం వీధి మలుపులో ఆయన స్కూటర్ చప్పుడు వినిపిస్తే చాలు, మా అమ్మాయి పరుగెత్తి గడియ తీసి ఒక రెక్క పట్టుకుని నిలబడేది. ఆయన బండి ఆపకుండా నేరుగా లోపలికి రావాలి, అదీ దాని సరదా. ఆయన పోయాక కూడా దీపాలు పెట్టే వేళకి వెళ్ళి గడియ తీసి, రెక్క పట్టుకుని కాసేపు నిలబడి, మళ్ళీ మూసి వచ్చేది. చదువు మధ్యలో ఉన్నా లేచేది, అన్నం మధ్యలో ఉన్నా లేచేది. స్నేహితురాళ్ళు రమ్మంటే పోవడం మానేసింది, ఆ వేళకి ఇంట్లో ఉండాలి కదా. పైవాటా ఆవిడ "ఎవరికైనా చూపించండి" అంది. నాకు ఒళ్ళు మండింది గాని, ఆవిడ అన్నదాంట్లో తప్పేముంది?

ఒకసారి ధైర్యం చేసి, "నాన్న రారమ్మా" అన్నాను.

"తెలుసమ్మా" అంది మామూలుగా. "నేను మానేస్తే నాన్నని నేనే పంపించేసినట్టుంటుంది."

ఊరందరి నోటికీ మాటలు అందించేదాన్ని, నా కూతురి ముందు నోరు పెగల్లేదు. ఆ రాత్రో మర్నాడో తనే అడిగింది, "మూడో భాగంలో ఆ రేడియో పిల్ల ఏం చేస్తుందమ్మా?" అని. తెర మీద చూద్దువు గాని అన్నాను. జవాబు అక్కడ రాద్దామనుకున్నాను. నేను చెబితే అమ్మ మాట, తెర మీద ఆ పిల్ల చేస్తే అది వేరు.

రాశాను. ఆ పిల్ల పెద్దదైంది. ఒక సాయంత్రం స్నేహితురాలితో కబుర్లు చెప్పుకుంటూ అన్నం తింటోంది. రేడియో వేళ దాటిపోయింది. కంచం సగమయ్యాక గుర్తొచ్చింది. చెయ్యి ఆగిపోయింది. లేవబోయింది, లేవలేదు. కళ్ళు తుడుచుకుని కంచంలో అన్నం పూర్తిగా తింది. అంతే సీను. అందులో ఒక్క డైలాగూ లేదు. నా బతుకులో రాసినవాటిలో నాకు నచ్చింది అదే.

గెస్ట్‌హౌస్‌లో చదివి వినిపించాను. మా దర్శకుడు సీలింగు చూస్తూ కూర్చున్నాడు. మంచివాడే, కాకపోతే ఇల్లు కట్టుకుంటున్నాడు. అసోసియేట్ డైరెక్టరు చాటుగా కళ్ళు తుడుచుకున్నాడు. నిర్మాతగారు టూత్‌పిక్ పక్కన పెట్టి అడిగారు.

"ఇందులో ఏం జరిగిందమ్మా? పిల్ల అన్నం తింది. అంతేనా?"

"అంతేనండీ."

"మరి హీరో ఎక్కడున్నాడు?"

"పోయారు కదండీ, రెండో భాగంలో."

"అదేనమ్మా నేననేది. ఫ్యాన్స్ ఒప్పుకోరు."

"కరెక్ట్ సార్" అన్నాడు అసోసియేట్, ఇంకా తడి ఆరని కళ్ళతో.

ఫ్యాన్స్ ఒప్పుకోరు. ఫిల్మ్‌నగర్‌లో ఈ రెండు ముక్కలతో చంపిన కథలకి లెక్కలేదు. ఆ ఫ్యాన్స్ ఎవరో, ఎక్కడుంటారో, వాళ్ళని అడిగిందెవరో ఎవరూ చెప్పరు. నాకు కడుపు మండి బోరబండ సంగతి ఎత్తాను. "వాళ్ళు ఒప్పుకున్నారండీ. దినాలు చేశారు. బంతులు వేసి భోజనాలు పెట్టారు. నేను తిని వచ్చాను. ఇంతకంటే ఎలా ఒప్పుకుంటారు?"

గదంతా నవ్వింది. నిర్మాతగారు జాలిగా చూశారు. "పిచ్చి ప్రేమమ్మా వాళ్ళది. అంత ప్రేమ ఉన్నవాళ్ళకి హీరోని తిరిగి ఇవ్వకపోతే మనకి పాపం" అన్నారు. ఆ పాపభీతి చూసి కాగితాలు టేబుల్ మీద పెట్టి లేచాను.

మా దగ్గర ఎవరినీ పొమ్మనరు. పొద్దున్నే వచ్చే ప్రొడక్షన్ కారు రావడం మానేస్తుంది. మొదటి రోజు డ్రైవరుకి ఒంట్లో బాగాలేదన్నారు. తర్వాత బండి షెడ్డులో ఉందన్నారు. ఆ తర్వాత నేను ఫోన్ చేయడం మానేశాను. మూడో భాగానికి మాటలు రాసింది ఎవరో నాకు తెలియదు, పోస్టర్ మీద చూడబుద్ధి కూడా కాలేదు. సీను మాత్రం వాళ్ళ దగ్గరే ఉందని, కథ మారినా ఎక్కడో ఒక మూల పెడతారని ఆశ ఉండేది. సిగ్గు లేని ఆశ.

రిలీజు రోజు పొద్దుటి ఆటకి మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను. అభిమానులు చింపిన కాగితాలు సంచుల నిండా తెచ్చుకున్నారు, హీరో కనబడగానే ఎగరెయ్యడానికి. ఇంటర్వెల్ ముందు ఆ పిల్ల రేడియో దగ్గర కూర్చుంది. "నాన్నా, వినిపిస్తోందా?" అంది. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు రేడియోలోంచి హీరోగారి గొంతు, "వినిపిస్తోంది తల్లీ!" అని. గోడ బద్దలైంది. నీలం పొగ. ఆయన నల్ల కళ్ళద్దాలతో, జుట్టు చెదరకుండా, మెల్లగా నడుచుకుంటూ వచ్చారు. ఊపిరాడక చచ్చిన మనిషికి కొత్తగా కండలు కూడా వచ్చాయి. ఎలా బతికాడంటే కాలం ఆగిపోయిన చోట పడ్డాడట. సరే, పడ్డాడు. వచ్చీ రాగానే వేరే గ్రహం అమ్మాయిలతో పాట దేనికి? ఏ గ్రహమైనా మన సినిమాకి ఆ డ్రెస్సులే వేసుకుంటుంది కాబోలు.

ఎక్కడో ఒక ఈల మొదలై ఆగిపోయింది. తర్వాత వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరసలు దాటి ముందుదాకా వచ్చింది. కాగితాల సంచులు విప్పలేదు. మా అమ్మాయి నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని తెరవంక చూస్తూ కూర్చుంది. నా సీను రాలేదు. ఆఖరిదాకా చూశాను, ఏ మూలా లేదు.

బయట బోరబండ మనిషి కనిపించాడు, సంచి చంకలో పెట్టుకుని. నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చాడు.

"ఏందక్కా గిది? గట్లెట్ల తీసుకొస్తరు? దినాలు జేసినం గద మేము. మా అమ్మ గూడ ఏడ్సింది. దినాలు జేసినంక మనిషి గిట్ల నవ్వుకుంట ఎదురొస్తే ఏమంటరు? దయ్యమంటరు."

"మీరు ఒప్పుకోరని తెచ్చారట" అన్నాను.

"మమ్మల్ని ఎవరడిగిండ్రు?" అన్నాడు. కోపం కూడా లేదు, చిన్నబోయాడు అంతే. మా అమ్మాయి ఇంటికి పోదామంది.

సాయంత్రానికల్లా నా ఫోన్‌లోకి వీడియోలు వచ్చిపడ్డాయి. ఫిల్మ్‌నగర్ ఆఫీసు ముందు టపాకాయలు. లోపల కేకు. మా వాళ్ళకి సినిమా ఎలా ఉన్నా మొదటి రోజు సాయంత్రం కేకు కొయ్యాలి, అదొక ఆచారం. నిర్మాతగారు హీరోగారి నోట్లో ముక్క పెట్టి, ప్రేక్షకులు కొంచెం కన్‌ఫ్యూజ్ అయ్యారని, రెండోసారి చూస్తే అర్థమవుతుందని మైకులో చెబుతున్నారు. అసోసియేట్ వెనక నిలబడి తల ఊపుతున్నాడు. వాళ్ళ ముఖాలు చూస్తుంటే ఫోన్ విసిరికొడదామనిపించింది.

అప్పుడే గేటు గడియ చప్పుడైంది. ఇంకా దీపాలు పెట్టే వేళ కాలేదు. కిటికీలోంచి చూశాను. మా అమ్మాయి ఆ రోజు ముందే వెళ్ళింది. ఒక రెక్క కాదు, రెండూ బార్లా తీసింది. మలుపు తిరిగిన ప్రతి స్కూటరునీ చూస్తోంది. తెర మీద ఆ పిల్లకి వాళ్ళ నాన్న వచ్చాడు కదా మరి.

నాకు ఏడుపు వచ్చింది. అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది. ఒక పెద్దమనిషి పాపం తగులుతుందని భయపడి చేసిన పని నా గుమ్మం దాకా వచ్చి నిలబడింది. వెళ్ళి దాని పక్కన నిలబడ్డాను. తెర మీద చూద్దువు గాని అన్నదాన్ని, గేటు దగ్గర నోటితో చెప్పాను. కబుర్లు, అన్నం, సగం కంచం, ఆగిన చెయ్యి, అన్నీ.

మా అమ్మాయి మలుపు వంక చూస్తూనే వింది. తర్వాత, "మర్చిపోయిందా?" అంది.

"మర్చిపోయింది."

"వాళ్ళ నాన్నకి కోపం రాదా?"

"పిల్ల కడుపునిండా అన్నం తింటే ఏ నాన్నకి కోపం వస్తుందే?"

రెక్క మీద పెచ్చులూడిన రంగు గోటితో గీకుతూ నిలబడింది. "నాకూ అయిందమ్మా" అంది. "పోయిన నెల. కాలేజీ రికార్డు రాసుకుంటూ మర్చిపోయాను. బాగా చీకటి పడ్డాక గుర్తొచ్చింది. నీకు చెప్పలేదు." నెలనుంచీ నా కూతురు దాన్ని మోస్తోందని నాకేం తెలుసు. భుజం మీద చెయ్యి వేశాను.

గీకడం ఆపి, "ఏం కూర?" అని అడిగింది.

"ఎవరికి?"

"ఆ పిల్లకి."

"అది రాయలేదే."

"రాయాల్సింది" అంది. ఒక రెక్క తను మూసింది, ఇంకోటి నేను మూశాను.

మర్నాడు మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళింది. ఆ వారమంతా వెళ్ళింది. ఇలాంటివి ఒక్క పూటలో తీరిపోవడం ఫిల్మ్‌నగర్‌లోనే కుదురుతుంది. సినిమా హాళ్ళలోంచి ఎత్తేశాక ఒక సాయంత్రం మా అమ్మాయి స్నేహితురాలు వచ్చింది. ఇద్దరికీ అన్నాలు పెట్టాను, దొండకాయ వేపుడు. ఏదో లెక్చరర్ని వెక్కిరిస్తూ విరగబడి నవ్వుకుంటున్నారు. వీధిలో ఎవరిదో స్కూటర్ పోయింది. బయట దీపాలు అప్పటికే వెలిగి ఉన్నాయి. మా అమ్మాయి చెయ్యి కంచంలో ఆగింది. తలెత్తి నావంక చూసింది. నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాను.

"ఇంకొంచెం వేపుడు వెయ్యి" అంది.

ఇందులో ఏం జరిగిందమ్మా అని ఆ రోజు అడిగారు కదా నిర్మాతగారు. పిల్ల అన్నం తిందండీ. అంతే.